ఎండాకాలం సెలవు రోజున తోటపని: ఎవరెవరు చేస్తారు, ఏం చేస్తారు?

రెండో_అంతస్తు (హైదరాబాద్)
ఆదివారం, ఉదయం 10:52

మే నెల వస్తే మా వీధిలో సగం మిద్దె తోటలు ఖాళీ అవుతాయి. మొక్కలు పెంచే బ్యాగులు మడిచి మెట్ల కింద పెట్టేసి, జూన్‌లో చూద్దాంలే అంటారు. నాకేమో ఏడాది మొత్తంలో బాగా ఇష్టమైన తోటపని ఈ నెలలోనే ఉంటుంది. కొత్తగా నాటేది పెద్దగా లేదు, కాపు కూడా తక్కువే. ఉన్నవాటిని వాన పడేదాకా నిలబెట్టుకోవడమే పని. ఆ పనిలో ఒక నెమ్మది ఉంది. వారమంతా ఆఫీసులో గడియారం చూసుకుంటూ గడిపే మనిషికి అది చాలా అవసరం.

ఈ రోజు అయిదున్నరకే పైకి వెళ్లాను. ముందు నీళ్లు. తర్వాత బెండ మొక్కల కింద పండిపోయిన ఆకులు గిల్లేశాను. కరివేపాకు పూత గుత్తులు తుంచేశాను. కాయ పట్టనిస్తే కొత్త చిగురు తగ్గుతుంది. గోరుచిక్కుడు పాదుల్లో మట్టి గుల్ల చేసి, పైన వేరుశనగ పొట్టు మళ్లీ ఒక పొర పరిచాను. ఎనిమిదిన్నరకి కిందికి దిగేశాను. ఆ తర్వాత చల్లటి మజ్జిగ తాగితే ఉండే సుఖం వేరే ఏ సెలవు రోజుకీ లేదు.

మీలో ఎవరెవరు ఎండాకాలం కూడా తోట నడుపుతున్నారు? సెలవు రోజున ఏం చేస్తారు? చెప్పండి.


కడియం_నర్సరీ_పిల్ల (కడియం)
ఆదివారం, ఉదయం 11:20

అన్నా, మేం పుట్టి పెరిగిందే నర్సరీలో. మాకు ఎండాకాలమంటే నీళ్ల పైపు, షేడ్ నెట్ (ఎండ ఆపే నీడ వల), అంతే. అమ్మకాలు వానాకాలంలో ఉంటాయి కానీ, ఆ మొక్క బతికేది ఇప్పుడు మేం చేసే పని మీద. మీరన్న నెమ్మది మాకు తెలియదు, ఇక్కడ వేల మొక్కలు. అయినా పొద్దు పొడవకముందు తడిసిన మట్టి వాసన మాత్రం మాకూ ఇష్టమే.

ఒక్క విషయం కొత్తవాళ్ల కోసం చెబుతాను. మధ్యాహ్నం గుమ్మడి, దోస, సొర ఆకులు తల వాలుస్తాయి. వెంటనే పైపు పట్టుకుని పరిగెత్తకండి. వేరు తాగే నీళ్లకంటే ఆకు వదిలే నీళ్లు ఎక్కువైనప్పుడు అలా వాలుతుంది. సాయంత్రానికి తనంతట తానే లేస్తుంది. తెల్లవారి చూసినప్పుడు కూడా వాలి ఉంటే అప్పుడు దానికి నిజంగా దాహం. లేదా వేరు కుళ్లి ఉంటుంది. వేలు రెండు కణుపుల లోతు మట్టిలో పెట్టి చూస్తే ఏదో తెలిసిపోతుంది. ఎండాకాలం దాహంతో పోయే మొక్కలు ఎన్నో, భయపడి పోసిన నీళ్లతో పోయేవీ అన్ని ఉంటాయి.


లెక్కల_మాస్టారు (రాజమండ్రి)
ఆదివారం, ఉదయం 11:48

నేను కొంచెం వేరే మాట చెబుతాను, ఏమీ అనుకోకండి. మా మేడ మీద చుక్కచుక్కగా గంటకు 2 లీటర్లు ఇచ్చే డ్రిప్పర్లు, ఒక టైమర్ పెట్టించాను. ఉదయం అయిదుకి పది నిమిషాలు, సాయంత్రం ఆరుకి పది నిమిషాలు. ఒక్కో కుండీకి పూటకి మూడో వంతు లీటరు. బెండలాంటి పెద్ద మొక్క ఉన్నచోట రెండు డ్రిప్పర్లు. నీళ్లు వృథా కావు, ఊరెళ్లినా బెంగ లేదు. సెలవు రోజున నేను బీర పందిరి కింద కుర్చీ వేసుకుని పేపరు చదువుతాను. తోట ఉన్నది మనం అందులో కూర్చోవడానికి కూడా కదా. ఉన్న ఒక్క ఆదివారాన్ని కూడా పనిగా ఎందుకు మార్చుకోవాలి?


రెండో_అంతస్తు
ఆదివారం, మధ్యాహ్నం 12:15

మాస్టారూ, టైమర్ మంచిదే, కాదనను. నీళ్లు పెట్టే పని దానికి అప్పజెప్పొచ్చు. చూసే పని మాత్రం అప్పజెప్పలేం. చేత్తో నీళ్లు పెట్టేటప్పుడు ఒక్కో కుండీ దగ్గర అరనిమిషం నిలబడాల్సిందే. ఆ అరనిమిషంలోనే అన్నీ కనబడతాయి. ఈ రోజు వంగ ఆకు పైన సన్నటి తెల్ల చుక్కలు కనబడ్డాయి. ఆకు తిప్పితే అడుగున సన్నటి బూజులాంటి గూడు, దాంట్లో ఎర్రనల్లి. ఇంకో వారం ఆగితే మొక్క మొత్తం రాగి రంగుకు తిరిగేది. పైపు నోరు వేలితో మూసి, ఆకుల అడుగు భాగం గట్టిగా కడిగాను. పొడి గాలి, దుమ్ము ఉన్నచోట ఈ నల్లి చెలరేగిపోతుంది, తడి దానికి గిట్టదు. రెండు మూడు రోజులకోసారి ఇలా కడిగితే మందు అవసరం రాకపోవచ్చు.

నాకు పని, విశ్రాంతి అని రెండుగా అనిపించదు. ఆరు రోజులు తెర మీద అక్షరాలు చూసిన కళ్లకి ఆకు అడుగున ఏముందో వెతకడమే విశ్రాంతి.


అనంత_పెరడు (అనంతపురం)
ఆదివారం, మధ్యాహ్నం 1:05

అందరూ నీళ్ల గురించి ఇంత ధారాళంగా మాట్లాడుతుంటే ఒక మాట అడగాలనిపించింది. మా వైపు మే నెలలో బోర్లు ఎండిపోతాయి. వీధిలో జనం బిందెలు పట్టుకుని ట్యాంకర్ కోసం నిలబడితే, నేను పైన మందారానికి పైపు పెట్టడం న్యాయమా? ఈ ప్రశ్న నన్ను చాలా కాలం వేధించింది. తోట మానేద్దామని కూడా అనుకున్నాను.

మా అత్తమ్మ ఒప్పుకోలేదు. ఇంట్లో రోజూ ఎన్ని నీళ్లు మోరీలోకి పోతున్నాయో చూడమంది. బియ్యం కడిగినవి, పప్పు కడిగినవి, కూరగాయలు కడిగినవి, సబ్బు లేకుండా చేతులు కడిగినవి. అన్నీ ఒక బకెట్‌లో పట్టడం మొదలుపెట్టాం. నలుగురం ఉన్న ఇంట్లో మా చిన్న పెరటికి అదే ముప్పాతిక భాగం సరిపోతోంది. ఉప్పు వేసి ఉడికించిన నీళ్లు, సబ్బు నీళ్లు మాత్రం అందులో కలపం.

ఇంకొకటి, కుండ పద్ధతి. రంగు, పూత లేని మట్టి కుండని మెడ దాకా భూమిలో పాతిపెట్టి నీళ్లు నింపి మూత పెడతాం. చుట్టూ మట్టి ఎండినకొద్దీ కుండ గోడలోంచి నీళ్లు ఊరతాయి, తడిగా ఉంటే ఊరడం తగ్గిపోతుంది. ఒక కుండ చుట్టూ రెండు దోస పాదులు, ఒక కాకర పాదు పెట్టాను. మూడు నాలుగు రోజులకోసారి నింపితే చాలు. పైన ఆవిరైపోయేది లేదు, కలుపు కూడా తక్కువ.

సెలవు రోజున నా పని కుండలు నింపడం, మూతలు తీసి లోపల నాచు పట్టిందేమో చూడటం, ఎండుటాకులు పరవడం. పెరట్లో వేపచెట్టు రాల్చిన ఆకులు నేను ఊడ్చి పారేయను. అవన్నీ మొక్కల మొదళ్ల దగ్గరికే వెళతాయి. మీరు చెప్పే ఆనందం నాకు కూడా ఉంది. అది నీళ్ల లెక్క సరిపోయాక వచ్చిన ఆనందం.


కడియం_నర్సరీ_పిల్ల
ఆదివారం, మధ్యాహ్నం 1:22

అక్కా, మీ పోస్టు మా నాన్నకి చదివి వినిపించాను. మా చుట్టూ కాలవలు, గోదావరి. ఒక్క బకెట్ విలువ మాకు ఇంత బాగా తెలియదు.


విశాఖ_బాల్కనీ (విశాఖపట్నం)
ఆదివారం, మధ్యాహ్నం 2:40

మాది ఆరో అంతస్తు ఫ్లాట్, ఉన్నదల్లా ఒక బాల్కనీ. నీళ్ల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. ఏసీ నుంచి కారే నీళ్లు, ఆర్వో మిషన్ బయటికి వదిలే నీళ్లు మొక్కలకి పోయొచ్చా? మా దగ్గర గాలిలో తేమ ఎక్కువ, ఏసీ కింద పెట్టిన బకెట్ రోజూ నిండుతుంది. ఆకుల అంచులు గోధుమ రంగుకి తిరుగుతున్నాయి, అది వీటివల్లేనా అని టెన్షన్.


నీటి_పరీక్ష (కర్నూలు)
ఆదివారం, మధ్యాహ్నం 3:18

నేను ఉద్యోగం చేసినంత కాలం నీటి నమూనాలు పరీక్షించిన వాడిని, ఇప్పుడు రిటైరయ్యాను. మీరు అడిగిన రెండూ ఒకటి కావమ్మా.

ఏసీ నీళ్లు గాలిలోని తేమ చల్లటి తీగచుట్టలకి తగిలి నీరుగా మారినవి. వాటిలో లవణాలు దాదాపు ఉండవు. మొక్కలకి నిశ్చింతగా పోయండి. ఏసీ సర్వీసు చేయించిన రోజు మాత్రం శుభ్రం చేసిన మందు కలిసి ఉంటుంది కాబట్టి ఆ నీళ్లు పారబోయండి. తాగడానికి, పక్షులకి పెట్టడానికి అవి పనికిరావు.

ఆర్వో వదిలే నీళ్ల సంగతి వేరు. మిషన్‌లోకి వెళ్లిన నీటిలో ఉన్న ఉప్పులన్నీ తక్కువ నీటిలోకి చేరి బయటికి వస్తాయి. అంటే మీ కుళాయి నీటికంటే అవి ఎప్పుడూ ఎక్కువ ఉప్పుగానే ఉంటాయి. మీ మూల నీరు మంచి నదీ జలమైతే పెద్ద ప్రమాదం లేదు. బోరు నీరైతే రోజూ పోస్తే కుండీ అంచుల మీద తెల్లటి పొర కడుతుంది, ఆకు అంచులు మాడతాయి. నీటిలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటర్ చిన్నది బజార్లో దొరుకుతుంది, ఒకసారి చూసుకోండి. ఎక్కువగా ఉంటే ఆ నీళ్లు గచ్చు కడగడానికి వాడండి. మొక్కలకే పోయాలనుకుంటే మీ ఏసీ నీళ్లు సగానికి సగం కలపండి. మీకు ఆ సౌకర్యం ఉంది, మా కర్నూలు పొడి ఎండల్లో ఏసీ బకెట్ అంత సులువుగా నిండదు.

మీది సముద్రం పక్కన కాబట్టి ఉప్పుగాలి కూడా కారణం కావచ్చు. వారానికోసారి ఆకుల్ని మంచి నీళ్లతో కడిగితే తేడా తెలుస్తుంది. తొలకరి వాన పడ్డప్పుడు కుండీలు తడిసేచోట పెట్టండి. అడుగు రంధ్రం నుంచి ధారగా కారేంత వాన పడితే మట్టిలో పేరుకున్న ఉప్పు చాలావరకు కొట్టుకుపోతుంది.


గోంగూర_డాలస్ (టెక్సాస్)
ఆదివారం, రాత్రి 7:05

ఇక్కడ ఇప్పుడు పొద్దున్న ఎనిమిదిన్నర. అందరికీ నమస్కారం.

మా ఎండాకాలం ఇంకా ముదరలేదు. జూలై, ఆగస్టుల్లో ఇక్కడ 38 డిగ్రీలు దాటడం మామూలే. మట్టి కూడా మన నల్లరేగడి జాతిదే. తడిస్తే బంక, ఎండితే చెయ్యి దూరేంత పగుళ్లు. డాలస్‌లో ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా ఉదయం 10 నుంచి సాయంత్రం 6 వరకు స్ప్రింక్లర్లు వాడకూడదు, మిగతా వేళల్లో వాడేది కూడా వారానికి రెండు రోజులే. పైపు చేత్తో పట్టుకుని పోయడానికి ఈ ఆంక్ష లేదు. కాబట్టి నా శనివారం పొద్దున్న పైపుతోనే మొదలవుతుంది.

ఇక్కడి పొరుగువాళ్ల వేసవి పని ఎక్కువగా పచ్చిక కత్తిరించడం. ఎండలు ముదిరాక పచ్చికని పొట్టిగా కోయరు, మూడంగుళాలైనా ఉంచుతారు. పొడుగ్గా ఉంటే నేల మీద నీడ పడి తేమ నిలుస్తుంది. మాకు మాత్రం వెనక పెరడే ముఖ్యం. టమాటా జూన్ చివరికి చేతులెత్తేస్తుంది. పగలు 35 దాటి, రాత్రి కూడా వేడి తగ్గకపోతే పూత రాలిపోతుంది, పిందె పట్టదు. అప్పటి నుంచి పెరడంతా మనవాళ్లదే. గోంగూర, తోటకూర, బెండ, దొండ. ఎండ ఎంత కాస్తే అంత పెరుగుతాయి. దొండకి విత్తనం ఎవరం వాడం, ఒక ఇంటి తీగ ముక్క ఇంకో ఇంటికి వెళుతుంది. మా తీగ నేను ఎన్నడూ చూడని వాళ్ల ఇళ్లకి కూడా చేరింది. శనివారం ఎవరో ఒకరు కాగితం సంచితో వస్తారు, గోంగూర కోసుకుంటూ అరగంట మాట్లాడుకుంటాం. పరాయి ఊళ్లో నాకు స్నేహితులు దొరికింది ఈ పెరట్లోనే.


పాత_మట్టి (వరంగల్)
ఆదివారం, రాత్రి 8:30

అందరూ మొక్కల గురించి చెప్పారు, నేను ఖాళీ బ్యాగుల గురించి చెప్త. మే నెల ఎండ ఊరికే పోనియ్యద్దు. రైతులు వేసవి దుక్కులు ఎందుకు దున్నుతరు? అడుగు మట్టి పైకి తేలి ఎండకు కాలితే పురుగుల కోశాలు, కలుపు గింజలు నాశనమైతయి. మిద్దె మీద మనం కూడా అదే చెయ్యొచ్చు.

పంట అయిపోయిన బ్యాగుల్లో మట్టి అంతా ఒక తార్పాలిన్ మీద గుమ్మరించండి. వేర్లు ఏరండి. టమాటా, వంగ వేర్ల మీద గడ్డల్లా బుడిపెలు కనబడితే అవి వేర్లల్ల చేరిన నులిపురుగుల పని. ఆ వేర్లు కంపోస్టులో వెయ్యకండి, ఎండబెట్టి కాల్చేయండి. మట్టిని కొంచెం తడపండి. పొడిగా ఉంటే వేడి లోపలికి సరిగ్గా దిగదు. అరడుగు మందానికి మించకుండా పరిచి, పైన పల్చటి తెల్ల పాలిథిన్ షీటు కప్పి, అంచుల చుట్టూ ఇటుకలు పెట్టండి. తెల్ల అంటే పాల రంగు కాదు, అవతలిది కనబడేది. నల్ల షీటు ఎండను తానే తాగుతది, మట్టిదాకా అంత పోనియ్యది. నాలుగు నుంచి ఆరు వారాలు కదపకండి. మే మొదట్లో పెడితే మృగశిర నాటికి తయారైతది.

షీటు తీసినంక ఒకటి గుర్తుంచుకోవాలె. ఆ వేడికి చెడ్డవాటితో పాటు మంచి సూక్ష్మజీవులు కూడా కొన్ని పోతయి. అందుకని చివికిన పశువుల ఎరువో వర్మీకంపోస్టో మూడో వంతు కలిపి, గుప్పెడు వేపపిండి వేసి, వారం రోజులు తడిపి ఉంచి అప్పుడు నింపాలె.

నాకు ఈ పని ఎందుకు ఇష్టమంటే, సాయంత్రం ఎండ తగ్గినంక మా పిల్లలిద్దరు కూడా వచ్చి మట్టిలో కూర్చుంటరు. వేర్లు ఏరే పని వాళ్లదే. వానపాము కనబడితే తీసి నీడలో ఉన్న కుండీలో వేస్తరు. వేసవి సెలవుల్లో వాళ్లు ఫోన్ అడగని గంట అదొక్కటే.


మల్లె_పందిరి (తెనాలి)
ఆదివారం, రాత్రి 9:12

ఇంతమంది మాట్లాడారు, మల్లె పేరు ఒక్కరూ ఎత్తలేదే! ఎండాకాలం తోట అంటే మా ఇంట్లో మల్లె తర్వాతే ఏదైనా. మిగతా మొక్కలు ఎండకి ఓర్చుకుంటాయి, ఇది ఎండ కోసం ఎదురుచూస్తుంది.

సెలవు రోజున నా పని సాయంత్రం మొదలవుతుంది. నాలుగున్నర దాటాక మొగ్గలు కోస్తాను. తెల్లగా నిండి ఇంకా విచ్చుకోనివి మాత్రమే. మాలగా కట్టేసరికి సగం, దీపం పెట్టేసరికి అన్నీ విచ్చుకుంటాయి. ఒక విడత పూత అయ్యాక, పూసిన కొమ్మ చివర రెండు మూడు జతల ఆకుల కిందికి తుంచుతాను. కొత్త కొమ్మలకే మొగ్గ వస్తుంది కాబట్టి, అలా తుంచినప్పుడల్లా ఇంకో విడత వస్తుంది. మొక్క మొదలు దగ్గర గుప్పెడు వర్మీకంపోస్టు, పాదు నిండా నీళ్లు. గట్టి కత్తిరింపు మాత్రం ఇప్పుడు కాదు, చలికాలంలోనే.

లెక్కల మాస్టారు గారూ, మీ కుర్చీ మాట నాకు నచ్చిందండీ. మా ఆయన కూడా అంతే, పందిరి కింద కూర్చుని రేడియో పెట్టుకుంటారు. ఒకరు కోయాలి, ఒకరు పక్కన కూర్చోవాలి, రెండూ ఉంటేనే బాగుంటుంది.


లెక్కల_మాస్టారు
ఆదివారం, రాత్రి 9:40

ధన్యవాదాలమ్మా. నా కుర్చీని నేను వదులుకోను. కానీ బీర గురించి ఒకటి చెప్పాలి, ఇది కూర్చుని చూస్తేనే తెలుస్తుంది. బీర పూలు విచ్చుకునేది సాయంత్రం. సొర కూడా అంతే, అది తెల్లగా చీకట్లో కనబడేలా పూస్తుంది. గుమ్మడి, కాకర, దోస పొద్దున్నే విచ్చుకుంటాయి. మేడ మీద తేనెటీగలు తక్కువైతే పిందెలు పసుపెక్కి రాలిపోతాయి. అప్పుడు చేత్తో చేయాలి. మగ పువ్వు కోసి, రేకులు వెనక్కి మడిచి, అడుగున చిన్న పిందె ఉన్న ఆడ పువ్వు మధ్యలో పుప్పొడి అద్దాలి. బీరకి పొద్దున్నే వెళితే అప్పటికే పూలు వాడిపోయి ఉంటాయి. నేను సాయంత్రం పేపరు మడిచి ఆ పని చేస్తాను. దాన్ని పని అనను.


కొత్త_కుండీ (బెంగళూరు)
ఆదివారం, రాత్రి 10:02

అందరికీ నమస్తే. నాకు వారంలో ఆదివారం ఒక్కటే వీలు. అది కూడా తొమ్మిదికి లేస్తాను. పదింటికి వేపనూనె కొట్టొచ్చా? మధ్యాహ్నం నీళ్లు ఆకుల మీద పడితే చుక్కలు భూతద్దంలా పనిచేసి ఆకు కాలిపోతుందని మా ఇంటి ఓనర్ ఆంటీ అంటున్నారు, నిజమేనా?


నీటి_పరీక్ష
ఆదివారం, రాత్రి 10:20

భూతద్దం మాట చాలామంది చెబుతారు. 2010లో హంగరీ పరిశోధకులు దీన్ని పరీక్షించారు. గాజు గోళీలు పెట్టిన ఆకులు కాలాయి, నీటి చుక్కలు పెట్టిన నున్నటి ఆకులు కాలలేదు. చుక్క ఆకుని అంటుకునే ఉంటుంది కాబట్టి ఎండ చురుగ్గా ఒకచోట చేరేంత దూరం ఉండదు. నూగు మీద చుక్క పైకి లేచి నిలిచే ఆకులకి మాత్రం కొంత ప్రమాదం ఉందన్నారు. మధ్యాహ్నం పోయొద్దనడానికి కారణం వేరు. నీళ్లు ఎక్కువ ఆవిరవుతాయి, ఎండలో పడున్న పైపులో మొదట వచ్చేవి వేడి నీళ్లు. తప్పనిసరైతే ముందు అవి ఒక బకెట్‌లోకి వదిలి, చల్లబడ్డాక వాడండి.


కడియం_నర్సరీ_పిల్ల
ఆదివారం, రాత్రి 10:31

వేపనూనె మాత్రం పదింటికి వద్దు అన్నా. నూనె పూసిన ఆకు ఎండకి మాడుతుంది. సాయంత్రం ఎండ దిగాక, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల నూనె, కొద్దిగా కుంకుడు రసం కలిపి, ముందు రెండు ఆకుల మీద కొట్టి చూసి, మర్నాడు బాగుంటే మిగతావాటికి కొట్టండి. బెండ ఆకుల్లో ఈనెలు పసుపు రంగుకి మారి ఆకంతా పసుపెక్కితే అది పల్లాకు తెగులు, దానికి ఏ నూనె పనిచేయదు. తెల్లదోమ మోసుకొస్తుంది. ఆ మొక్క పీకేయడమే.

మీకు ఆదివారం ఒక్కటే వీలంటే వారం రోజుల నీడ, తేమ ఆ రోజే ఏర్పాటు చేయాలి. కుండీలన్నీ ఒకదానికొకటి ఆనించి దగ్గరగా చేర్చండి. చిన్నవి మధ్యలో, పెద్దవి పడమర వైపు. సాయంత్రపు ఎండే ఎక్కువ దెబ్బ తీస్తుంది. పైన 50 శాతం షేడ్ నెట్ కట్టండి, ఆకులకి తగలకుండా ఎత్తులో. గచ్చు వేడి తగలకుండా కింద ఇటుకలు. మట్టి పైన రెండంగుళాల ఎండుటాకులో కొబ్బరి పీచో. ఇంక వారం మధ్యలో పొద్దున్నే నీళ్లు ఒక్కటే మిగులుతుంది. దానికి మాస్టారి టైమర్ మీకు సరిగ్గా సరిపోతుంది.


రెండో_అంతస్తు
ఆదివారం, రాత్రి 10:55

ఒక్కరోజులో ఇంత వస్తుందనుకోలేదు. అనంతపురం అక్కా, మీ బకెట్ రేపటి నుంచి మా ఇంట్లో కూడా. పాత మట్టి అన్నా, మీ షీటు పని వచ్చే ఆదివారానికి పెట్టుకున్నాను. ఆ రోజు ఇంకో పని కూడా చేద్దామనుకుంటున్నాను. వాన పడేసరికి వంగ, మిరప నారు చేతిలో ఉండాలంటే ఇప్పుడే పోయాలా, రోహిణి దాటాలా?


కడియం_నర్సరీ_పిల్ల
సోమవారం, ఉదయం 5:40

మిరప నారుకి దాదాపు 40 రోజులు, వంగకి నెల పైన, టమాటాకి 25 రోజులు పడుతుంది. కాబట్టి మిరప ఈ వారమే పోయండి, వంగ వచ్చే ఆదివారం, టమాటా జూన్ మొదట్లో. రోహిణి ఎండలో నారు బతకదని భయపడొద్దు, నెట్ కింద బతుకుతుంది. 98 గుంతల ట్రే తీసుకుని, చివికిన కొబ్బరి పీచు పొడిలో వర్మీకంపోస్టు కలిపి నింపండి. గుంతకి ఒక్క గింజ, అర అంగుళం లోతు. మొలక వచ్చేదాకా ట్రే మీద తడిగుడ్డ కప్పి నీడలో ఉంచండి, మొలక కనబడ్డ రోజే గుడ్డ తీసేయండి. ఆలస్యమైతే నారు సన్నగా సాగిపోతుంది. నీళ్లు ధారగా వద్దు, చిల్లుల డబ్బాతో చల్లండి. నాటే ముందు వారం రోజులు పొద్దుటి ఎండ కొద్దికొద్దిగా అలవాటు చేయండి.